‘గెట్’ తర్వాత ఏముందో చూడండి: ఒక చిన్న ఇంగ్లిష్ క్రియకు సమగ్ర మార్గదర్శి

ఇంగ్లిష్ నేర్చుకునే తెలుగువాళ్ళు పెద్ద మాటల దగ్గర అంతగా తడబడరు. ‘అఛీవ్‌మెంట్’, ‘రెస్పాన్సిబిలిటీ’ లాంటివి బడిలోనే కంఠతా వచ్చేస్తాయి. ఇబ్బందంతా మూడే అక్షరాలున్న ‘గెట్’తోనే. ‘పొందు’ అని చదువుకుని ఉంటాం. ఆ ఒక్క అర్థం పెట్టుకుని ఈ నాలుగు వాక్యాలు విప్పి చూడండి: ‘ఐ డోంట్ గెట్ ఇట్’, ‘ఇట్స్ గెటింగ్ లేట్’, ‘గెట్ ఆఫ్ ద బస్’, ‘ఐ గాట్ మై హెయిర్ కట్’. ఒక్కదానికీ ‘పొందు’ అతకదు. మొదటిది ‘నాకు అర్థం కావట్లేదు’, రెండోది ‘ఆలస్యమవుతోంది’, మూడోది ‘బస్సు దిగు’, నాలుగోది ‘క్షవరం చేయించుకున్నాను’.

చాలామంది దీన్ని తప్పించుకుని తిరుగుతారు. ‘రిసీవ్’, ‘బికమ్’, ‘రీచ్’, ‘అబ్టెయిన్’ వాడి నెట్టుకొస్తారు. వ్యాకరణం ప్రకారం తప్పేమీ ఉండదు, కానీ ఇంట్లో అన్నం తింటూ సర్కారు ఉత్తరం చదివినట్టు ఉంటుంది. పైగా అవతలివాళ్ళు గెట్ వాడకుండా మాట్లాడరు కదా. ఆఫీసు కాల్‌లో, సినిమాలో, పక్కింటివాళ్ళతో మాటల్లో అది అడుగడుగునా తగులుతుంది. కాబట్టి దాన్ని ఎదుర్కోవడమే మంచిది. అర్థాల జాబితా బట్టీ పట్టి మాత్రం కాదు. గెట్ అర్థం గెట్‌లో కన్నా దాని తర్వాత వచ్చే మాటలో ఎక్కువ ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో ప్రతి మెట్టు దగ్గరా ఒకే ప్రశ్న వేసుకుందాం: గెట్ తర్వాత ఏముంది?

మొదటి మెట్టు: స్థితి వేరు, మార్పు వేరు

ముందు ఒక్క విషయం మనసులో గట్టిగా నాటుకోవాలి. గెట్ ఎప్పుడూ మార్పును చెబుతుంది. లేనిది రావడం, కానిది అవడం, అక్కడ లేనివాళ్ళు అక్కడికి చేరడం. మార్పు అయిపోయాక మిగిలే స్థితిని చెప్పడానికి ‘హావ్’, ‘బి’ ఉన్నాయి.

‘ఐ హావ్ ఎ కోల్డ్’ అంటే జలుబు ఉంది. ‘ఐ గాట్ ఎ కోల్డ్’ అంటే జలుబు పట్టుకుంది. ‘షి ఈజ్ యాంగ్రీ’ అంటే కోపంగా ఉంది. ‘షి గాట్ యాంగ్రీ’ అంటే అప్పటిదాకా బాగానే ఉన్న మనిషికి కోపం వచ్చింది.

పెళ్ళి విషయంలో మనవాళ్ళు తరచూ చిక్కుపడేది ఇక్కడే. తెలుగులో ‘పెళ్ళయింది’ అన్న ఒక్క మాట రెండు పనులూ చేస్తుంది. ఇంగ్లిష్‌లో విడదీయాలి. పెళ్ళి జరిగిన రోజు గురించైతే ‘వి గాట్ మ్యారీడ్ ఇన్ 2015’. పెళ్ళయి ఇన్నేళ్ళయిందని చెప్పాలంటే ‘వి హావ్ బీన్ మ్యారీడ్ ఫర్ టెన్ యియర్స్’. ‘వి గాట్ మ్యారీడ్ ఫర్ టెన్ యియర్స్’ అంటే పదేళ్ళ గడువు పెట్టుకుని పెళ్ళి చేసుకున్నట్టు వినిపిస్తుంది. అలాగే ‘ఫలానావాళ్ళతో పెళ్ళి’ అంటాం కాబట్టి ‘మ్యారీడ్ విత్’ అని నోటికొస్తుంది. అక్కడ ‘మ్యారీడ్ టు’ అనాలి.

రెండో మెట్టు: తర్వాత వస్తువో విషయమో ఉంటే

గెట్ తర్వాత నామవాచకం ఉంటే, అది దొరకడం, అందడం, కొనడం, తీసుకురావడం, అర్థం కావడం, వీటిలో ఏదో ఒకటి. ఏదన్నది సందర్భమే చెబుతుంది. ‘ఐ గాట్ ఎ లెటర్’ (ఉత్తరం వచ్చింది), ‘ఐ గాట్ వెజిటబుల్స్’ (కూరగాయలు తెచ్చాను), ‘ఐ డిడ్ నాట్ గెట్ ద జోక్’ (జోకు అర్థం కాలేదు).

తెలుగువాళ్ళకు ఇక్కడ ఒక గొప్ప సౌలభ్యం ఉంది, దాన్ని వాడుకోవాలి. మనం ‘నాకు ఫలానాది వచ్చింది’ అని చెప్పే వాక్యాలు చాలావరకు నేరుగా గెట్‌లోకి వెళ్ళిపోతాయి. ‘నాకు’ అన్నది ‘ఐ’ అవుతుంది, ‘వచ్చింది’ అన్నది ‘గాట్’ అవుతుంది. నాకు ఉద్యోగం వచ్చింది: ‘ఐ గాట్ ఎ జాబ్’. నాకు తొంభై మార్కులు వచ్చాయి: ‘ఐ గాట్ నైంటీ మార్క్స్’. నాకు జ్వరం వచ్చింది: ‘ఐ గాట్ ఎ ఫీవర్’. వీసా వచ్చింది, ఫోన్ వచ్చింది, పార్శిల్ వచ్చింది, అన్నీ ఇదే దారి. జీతం వచ్చిందన్నదాన్ని ‘ఐ గాట్ పెయిడ్’ అంటే ఇంకా సహజంగా ఉంటుంది.

కానీ మన ‘వచ్చింది’ గెట్ కన్నా విశాలమైనది. ఈ తేడా తెలియకపోవడం వల్లే సగం పొరపాట్లు జరుగుతున్నాయి, అందుకని కాస్త ఆగి చూద్దాం.

‘నాకు కల వచ్చింది’ని ‘ఐ గాట్ ఎ డ్రీమ్’ అనరు, ‘ఐ హాడ్ ఎ డ్రీమ్’ అంటారు. ‘నాకు నవ్వొచ్చింది’ అంటే ‘ఇట్ మేడ్ మి లాఫ్’. ‘ఏడుపొచ్చింది’ అంటే ‘ఐ ఫెల్ట్ లైక్ క్రయింగ్’. ‘గుర్తొచ్చింది’కి గెట్ అక్కర్లేదు, ‘ఐ రిమెంబర్డ్’ చాలు. ‘నాకు హిందీ వచ్చు’ అంటే తెలుసని అర్థం కాబట్టి ‘ఐ నో హిందీ’. ‘కరెంటు వచ్చింది’ని ‘ద పవర్ ఈజ్ బ్యాక్’ అంటారు.

‘నాకో డౌట్ వచ్చింది’ సంగతి ప్రత్యేకం. మన దేశంలో క్లాసులో చెయ్యెత్తి ‘సార్, ఐ గాట్ ఎ డౌట్’ అంటే అందరికీ అర్థమవుతుంది. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో అదే మాటంటే మీరు చెప్పింది నేను నమ్మట్లేదు అన్నట్టు వినబడే ప్రమాదం ఉంది. అక్కడ ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అనండి.

ఈ మెట్టులోనే రెండు చిన్న వాడకాలు నేర్చుకుంటే రోజూ పనికొస్తాయి. ఒకటి, ఎవరికోసమైనా ఏదైనా తేవడం: ‘కెన్ ఐ గెట్ యూ సమ్ వాటర్?’ అంటే ‘మీకు మంచినీళ్ళు తెమ్మంటారా?’ రెండోది ‘ఐ విల్ గెట్ ఇట్’. తలుపు కొట్టినప్పుడు అంటే ‘నేను తీస్తాను’, ఫోన్ మోగినప్పుడు అంటే ‘నేను ఎత్తుతాను’, హోటల్లో బిల్లు వచ్చినప్పుడు అంటే ‘నేను కడతాను’. వాక్యం ఒక్కటే, చుట్టూ ఏం జరుగుతోందన్నదే అర్థం.

మూడో మెట్టు: తర్వాత విశేషణం ఉంటే

ఇక్కడ గెట్ మన ‘అవు’కు దగ్గర. ‘గెట్ టైర్డ్’ (అలసిపోవడం), ‘గెట్ వెట్’ (తడవడం), ‘గెట్ రెడీ’ (తయారవడం), ‘గెట్ లాస్ట్’ (దారి తప్పడం), ‘గెట్ బెటర్’ (నయమవడం). చీకటి పడుతోంది అంటే ‘ఇట్ ఈజ్ గెటింగ్ డార్క్’. తెలుగులో ఒక్కో మార్పుకు ఒక్కో క్రియ ఉంటుంది: పడు, తడియు, అలయు, తప్పు. ఇంగ్లిష్ ఒకే గెట్‌కి విశేషణం తగిలించి పని కానిస్తుంది. విశేషణం తెలిస్తే సగం వాక్యం చేతిలో ఉన్నట్టే. ఒక్క జాగ్రత్త: ‘గెట్ లాస్ట్’ని ఎదుటి మనిషితో ఆజ్ఞలా అంటే ‘ఫో ఇక్కణ్ణుంచి’ అన్నట్టే.

‘బోర్ కొడుతోంది’ని ‘ఐ యామ్ గెటింగ్ బోర్’ అనడం మనవాళ్ళలో బాగా అలవాటు. అక్కడ ఉండాల్సింది విశేషణం కాబట్టి ‘గెటింగ్ బోర్డ్’ అనాలి. ‘బోరింగ్’ అన్నా కుదరదు, అప్పుడు మీరే ఇతరులకు బోర్ కొట్టించే మనిషిగా మారుతున్నట్టు అవుతుంది.

విశేషణం కాక మనిషి వృత్తో హోదానో వస్తే గెట్ పనికిరాదు. ‘షి బికేమ్ ఎ డాక్టర్’ అంటే డాక్టరైంది. ‘షి గాట్ ఎ డాక్టర్’ అంటే డాక్టర్ని పిలుచుకొచ్చింది. అలాగే పాడవడం, మతిపోవడం, చూపు పోవడం లాంటి కొన్ని చెడు మార్పులకు ‘గో’ వాడతారు: ‘ద ఫుడ్ వెంట్ బ్యాడ్’, ‘హి వెంట్ బ్లైండ్’. దీనికి గట్టి సూత్రమంటూ లేదు, వినగా వినగా పట్టుబడుతుంది.

‘గెట్ యూస్డ్ టు’ని విడిగా నేర్చుకోండి. అలవాటు పడటం అని అర్థం. కొత్తగా అమెరికా వెళ్ళినవాళ్ళు ‘ఐ యామ్ గెటింగ్ యూస్డ్ టు డ్రైవింగ్ ఆన్ ద రైట్’ అంటారు. ఆ ‘టు’ తర్వాత క్రియకు ‘ఇంగ్’ చేరాలి. గెట్ లేకుండా ‘ఐ యూస్డ్ టు డ్రైవ్’ అంటే అర్థం పూర్తిగా మారిపోతుంది: ఒకప్పుడు నడిపేవాణ్ణి.

నాలుగో మెట్టు: తర్వాత చోటు ఉంటే

అప్పుడు గెట్ అంటే చేరడం. ‘ఐ గాట్ టు విజయవాడ ఎట్ సిక్స్’. దారి అడగాలన్నా ఇదే: ‘హౌ డూ ఐ గెట్ టు చార్మినార్?’ ఊరి పేరుకు ముందు ‘టు’ ఉండాలి. ‘హోమ్’, ‘హియర్’, ‘దేర్’ ముందు మాత్రం ఉండకూడదు: ‘ఐ గాట్ హోమ్ లేట్’.

‘చేరాను’ అని మెసేజ్ పెట్టాలంటే మనం ‘ఐ రీచ్డ్’ అని ఊరుకుంటాం. మామూలుగా ‘రీచ్’ తర్వాత ఎక్కడికో చెప్పాలి, అదీ ‘టు’ లేకుండా. అందుకని ‘ఐ గాట్ హోమ్’ అనేయడం సులువు, సహజం కూడా.

ఇక బస్సులు, కార్లు. నిలబడి నాలుగడుగులు వేయగలిగే వాహనమైతే (బస్సు, రైలు, విమానం, ఓడ) ‘గెట్ ఆన్’, ‘గెట్ ఆఫ్’. వంగి లోపలికి దూరి కూర్చునేదైతే (కారు, ట్యాక్సీ) ‘గెట్ ఇన్’, ‘గెట్ అవుట్’. సైకిలు, మోటార్‌సైకిలు, గుర్రం లాంటి అటూఇటూ కాళ్ళేసి కూర్చునేవాటికి మళ్ళీ ఆన్, ఆఫ్. మన బస్సుల్లో ‘ఐ విల్ గెట్ డౌన్ ఎట్ అమీర్‌పేట’ అనడం మామూలే, ఇక్కడ దాంతో ఏ ఇబ్బందీ లేదు. బయటిదేశంలో ‘గెట్ డౌన్!’ అని అరిస్తే మాత్రం ‘వంగండి, నేల మీద పడుకోండి’ అనే హెచ్చరిక అనుకుంటారు. అక్కడ ‘గెట్ ఆఫ్’ అనండి.

ఐదో మెట్టు: చేయించడం

నా దృష్టిలో గెట్‌లో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే. నేర్పేవాళ్ళు అన్నిటికన్నా తక్కువ పట్టించుకునేదీ ఇదే.

‘నిన్న నా ఫోన్ రిపేర్ చేయించాను’ అనడానికి మనవాళ్ళలో చాలామంది ‘ఐ రిపేర్డ్ మై ఫోన్’ అంటారు. వినేవాళ్ళు ‘అబ్బో, మీకు ఆ పని కూడా వచ్చా!’ అనుకుంటారు. ‘ఐ కట్ మై హెయిర్’ అంటే అద్దం ముందు నిలబడి సొంతంగా కత్తిరించుకున్నట్టు. మనసులో ఉన్నది ‘చేయించాను’, నోటినుంచి వచ్చింది ‘చేశాను’.

తెలుగులో ఇది ఒక్క ‘ఇంచు’తో తేలిపోతుంది: చేయు, చేయించు, కట్టు, కట్టించు, రాయు, రాయించు. ఇంగ్లిష్ క్రియకు అలాంటి సౌకర్యం లేదు. ఆ ఖాళీని గెట్ నింపుతుంది. మీ తెలుగు వాక్యంలో ‘ఇంచు’ వినబడిన వెంటనే గెట్ గుర్తుకు రావాలి.

వాక్యం కట్టే పద్ధతి రెండు రకాలు. పని ఎవరు చేశారన్నది ముఖ్యం కానప్పుడు: గెట్, ఆ తర్వాత వస్తువు, ఆ తర్వాత క్రియ మూడో రూపం. ‘ఐ గాట్ మై ఫోన్ రిపేర్డ్’. ‘వి గాట్ ద హౌస్ పెయింటెడ్’ (ఇంటికి రంగులు వేయించాం). ‘ఐ గాట్ మై బ్లడ్ టెస్టెడ్’ (రక్తపరీక్ష చేయించుకున్నాను). వరస తప్పకూడదు. ‘ఐ గాట్ రిపేర్డ్ మై ఫోన్’ అంటే వాక్యమే కాదు. వస్తువు మధ్యలోనే ఉండాలి.

పని ఎవరిచేత చేయించారో చెప్పాలంటే: గెట్, మనిషి, ‘టు’, క్రియ. మా అబ్బాయితో హోంవర్క్ చేయించాను: ‘ఐ గాట్ మై సన్ టు డూ హిజ్ హోంవర్క్’. ఈ ‘టు’ని మర్చిపోవద్దు.

చేయించడానికి ఇంగ్లిష్‌లో ‘మేక్’, ‘హావ్’ కూడా ఉన్నాయి. మూడింటి మధ్య తేడా మర్యాదకు సంబంధించింది, అందుకని తెలుసుకుని తీరాలి. ‘ఐ మేడ్ హిమ్ డూ ఇట్’ అంటే వాడికి ఇష్టం లేకపోయినా బలవంతాన చేయించాను. ‘ఐ గాట్ హిమ్ టు డూ ఇట్’ అంటే బతిమాలో, నచ్చజెప్పో, ఎలాగోలా ఒప్పించి చేయించాను. ‘ఐ హాడ్ హిమ్ డూ ఇట్’ అంటే అది అతని పనే, చెప్పాను, చేశాడు. మేక్, హావ్‌ల తర్వాత ‘టు’ రాదు, గెట్ తర్వాత వస్తుంది. ‘మా మేనేజర్‌తో సెలవు మంజూరు చేయించుకున్నాను’ అనేటప్పుడు ‘ఐ మేడ్ మై మేనేజర్ అప్రూవ్ మై లీవ్’ అంటే మెడమీద కత్తి పెట్టినట్టుంటుంది. ‘ఐ గాట్ మై మేనేజర్ టు అప్రూవ్ మై లీవ్’ అంటే సరిగ్గా సరిపోతుంది.

కష్టపడి ఒక పని ఓ కొలిక్కి తేవడానికి కూడా ఇదే కట్టు: ‘ఐ గాట్ ఇట్ డన్’ అంటే పని పూర్తి చేసేశాను. ఇక్కడ వేరేవాళ్ళతో చేయించినట్టు అర్థం రానక్కర్లేదు.

ఆరో మెట్టు: మన ప్రమేయం లేకుండా జరిగిపోయేవి

గెట్ తర్వాత నేరుగా క్రియ మూడో రూపం వస్తే, అది మనకు జరిగిపోయిన సంగతి. ‘హి గాట్ కాట్’ (దొరికిపోయాడు), ‘ఐ గాట్ హర్ట్’ (దెబ్బ తగిలింది), ‘షి గాట్ సెలెక్టెడ్’ (సెలెక్టయింది), ‘మై ఫోన్ గాట్ స్టోలెన్’ (నా ఫోన్ పోయింది, ఎవరో కొట్టేశారు). బడిలో కర్మణి ప్రయోగానికి ‘బడు’ చేర్చి ‘పట్టుకోబడెను’, ‘ఎన్నుకోబడెను’ అని నేర్పుతారు. ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు, దొరికిపోయాడనే అంటారు. మాటల్లో వాడే ఈ గెట్ కూడా అలాంటిదే. రాతలో, ముఖ్యంగా ఫిర్యాదులోనో నివేదికలోనో, ‘వాజ్’ వాడండి: ‘మై ఫోన్ వాజ్ స్టోలెన్’.

ఏడో మెట్టు: గాట్, గాటెన్, గాట్ టు

ఈ క్రియ పాత నార్స్ భాషలోని ‘గెటా’ నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఇంగ్లండ్‌లో స్థిరపడిన వైకింగుల భాష అది. దానికి దాయాది మాటలు పాత ఇంగ్లిష్‌లో అప్పటికే ఉన్నాయి, వాటి వారసులే నేటి ‘ఫర్గెట్’, ‘బిగెట్’ (పుట్టించడం). మూడో రూపం ఒకప్పుడు అందరికీ ‘గాటెన్’. బ్రిటన్‌లో అది అరిగి ‘గాట్’ అయింది, అమెరికాలో నిలిచింది. ‘ఫర్గాటెన్’లోనూ, అక్రమార్జనను చెప్పే ‘ఇల్-గాటెన్’లోనూ బ్రిటిష్‌వాళ్ళు కూడా పాత రూపాన్నే పలుకుతారు. కాబట్టి అమెరికాలో ఉన్నవాళ్ళు ‘ఇట్ హాజ్ గాటెన్ కోల్డ్’ విని తప్పనుకోవద్దు. మన బళ్ళలో నేర్పేది బ్రిటిష్ పద్ధతి, అంతే తేడా.

అమెరికన్లు రెండింటికీ తేడా పాటిస్తారు. ‘ఐ హావ్ గాట్ ఎ కార్’ అంటే నాకు కారుంది. ‘ఐ హావ్ గాటెన్ ఎ కార్’ అంటే కారు సంపాదించుకున్నాను. మొదటిది వింటే మీకో విషయం స్ఫురించాలి: ‘హావ్ గాట్’ రూపంలో గెట్ మార్పును వదిలేసి స్థితిని చెబుతోంది. మొదటి మెట్టులో చెప్పిన నియమానికి పెద్ద మినహాయింపు ఇదే.

ఇప్పుడు చూడబోయే రెండు వాక్యాలు చెవికి దాదాపు ఒకేలా ఉంటాయి, అర్థాలు మాత్రం పూర్తిగా వేరు. ‘ఐ గాట్ టు మీట్ హర్’ అంటే ఆవిణ్ణి కలిసే అవకాశం దొరికింది. ‘ఐ హావ్ గాట్ టు మీట్ హర్’ అంటే ఆవిణ్ణి కలిసి తీరాలి. ఒకటి అదృష్టం, ఇంకొకటి తప్పనిసరి. త్వరత్వరగా మాట్లాడేటప్పుడు రెండోదాంట్లో ‘హావ్’ మాయమై ‘గాటా’ అని వినిపిస్తుంది. అప్పుడు ముందూ వెనకా మాటల్ని బట్టి ఊహించాలి.

ఎనిమిదో మెట్టు: తర్వాత చిన్న ముక్క ఉంటే

ఆన్, ఓవర్, బై, త్రూ లాంటి చిన్న మాటలు చేరితే అర్థం కొత్తదారి పడుతుంది. జాబితా మొత్తం నేర్చుకోవాలని కూర్చుంటే విసుగొస్తుంది. మొదట వీటితో మొదలుపెట్టండి. ‘గెట్ అప్’ లేవడం. ‘గెట్ బ్యాక్ టు’ కనుక్కుని మళ్ళీ చెప్పడం: ‘ఐ విల్ గెట్ బ్యాక్ టు యూ’. ‘గెట్ అలాంగ్’ ఒకరితో ఒకరికి పొసగడం. ‘గెట్ బై’ ఉన్నదాంతో నెట్టుకురావడం. ‘గెట్ రిడ్ ఆఫ్’ వదిలించుకోవడం. ‘గెట్ త్రూ’ ఫోన్ లైన్ కలవడం, కష్టకాలం దాటడం. ‘గెట్ అరౌండ్ టు’ ఎప్పట్నుంచో అనుకుంటున్న పనికి తీరిక చిక్కడం. ‘గెట్ అవే విత్’ తప్పు చేసీ శిక్ష పడకుండా బయటపడటం.

‘గెట్ ఓవర్’ దగ్గర జాగ్రత్త కావాలి. జబ్బునుంచి కోలుకోవడానికీ, దుఃఖం నుంచి తేరుకోవడానికీ వాడతారు. కానీ బాధలో ఉన్న మనిషితో ‘గెట్ ఓవర్ ఇట్’ అంటే ‘ఇక చాలించు’ అని కసిరినట్టే. ఓదార్చాలనుకుని ఆ మాట అనవద్దు. ఒంట్లో బాగాలేనివాళ్ళకైతే ‘గెట్ వెల్ సూన్’ ఉండనే ఉంది.

సాధన

ఉద్యోగ దరఖాస్తు, పరిశోధన వ్యాసం, లాయరు నోటీసు లాంటివి రాసేటప్పుడు గెట్‌ని పక్కన పెట్టి ‘రిసీవ్’, ‘బికమ్’, ‘అరైవ్’ వాడండి. తోటి ఉద్యోగికి రాసే మెయిల్‌లో మార్చనక్కర్లేదు. సాధన మాత్రం మాటల్లోనే జరగాలి. రోజూ జరిగింది తెలుగులో నాలుగు ముక్కలు చెప్పుకోండి. వచ్చింది, అయింది, చేరాను, ఎక్కాను, దిగాను, చేయించాను అనేవి ఎక్కడున్నాయో గుర్తించి ఇంగ్లిష్‌లోకి తిప్పండి. ఒక నమూనా:

‘ఆఫీసునుంచి బయల్దేరేసరికి చీకటి పడుతోంది. బస్సెక్కాక వాన మొదలైంది. స్టాపులో దిగి ఇంటికి చేరేలోపు తడిసి ముద్దయ్యాను. రాత్రికి జ్వరమొచ్చింది. పొద్దున రక్తపరీక్ష చేయించుకున్నాను. తమ్ముడితో మందులు తెప్పించాను. ఇప్పుడు కాస్త నయంగా ఉంది.’

చూడకుండా ఒకసారి ప్రయత్నించి, తర్వాత దీంతో పోల్చుకోండి: ‘ఇట్ వాజ్ గెటింగ్ డార్క్ వెన్ ఐ లెఫ్ట్ ద ఆఫీస్. ఇట్ స్టార్టెడ్ రెయినింగ్ ఆఫ్టర్ ఐ గాట్ ఆన్ ద బస్. ఐ గాట్ ఆఫ్ ఎట్ మై స్టాప్ అండ్ గాట్ సోక్డ్ బిఫోర్ ఐ గాట్ హోమ్. ఐ గాట్ ఎ ఫీవర్ దట్ నైట్. ఐ గాట్ మై బ్లడ్ టెస్టెడ్ ఇన్ ద మార్నింగ్. ఐ గాట్ మై బ్రదర్ టు బ్రింగ్ సమ్ మెడిసిన్. ఐ యామ్ గెటింగ్ బెటర్ నౌ.’

ఇది కేవలం సాధన కోసం, అందుకే వరసగా ఇన్ని గెట్‌లు. మామూలుగా చెప్పేటప్పుడు ఇందులో రెండు మూడు మార్చేయొచ్చు. వానలో తడవడానికి ‘ఐ వాజ్ సోక్డ్ బై ద టైమ్ ఐ గాట్ హోమ్’, జ్వరం రావడానికి ‘ఐ కేమ్ డౌన్ విత్ ఎ ఫీవర్’ అనండి. బస్సు, రక్తపరీక్ష, తమ్ముడు ఉన్న వాక్యాల్ని మాత్రం అలాగే ఉంచండి, అక్కడ గెట్ కన్నా సులువైన మాట దొరకదు.